నా ఫోటోకు నేనే వేసిన దండ

ఈ సంగతి ఇన్నాళ్లు రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు రాయడం వచ్చేది కాదు. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దాను. నేను వంట చేసిన హాస్టల్లో గ్రూప్స్ పరీక్షకు చదువుకునే ఒక అమ్మాయి, మధ్యాహ్నం గిన్నెలు సర్దాక రోజూ అరగంట నన్ను కూర్చోబెట్టి నేర్పింది. పలక లేదు. పాత టెస్టు పేపర్ల వెనకవైపు రాశాను. ముందువైపు రాజ్యాంగం మీద ప్రశ్నలు, వెనకవైపు నా అ ఆలు. చదవడానికి రెండేళ్లు పట్టింది. ఒక పేజీ ఆగకుండా రాయడానికి ఇంకో రెండేళ్లు.

ఈలోపల మా హాస్టల్లో నా ఫోటో పెట్టి సినిమా తీసినతను పెద్ద డైరెక్టరయ్యాడు. తన మొదటి సినిమా గురించి ఎక్కడ మాట్లాడినా నా ముచ్చట తెస్తాడు. "హాస్టల్లో వంట చేసే పెద్దమ్మ నవ్వుకుంటూ ఫోటో ఇచ్చింది" అని చెబుతాడు. వినేవాళ్లు చప్పట్లు కొడతారు. అతను చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే అది శుక్రవారం దాకా జరిగిన కథ. ఆ వారంలో శనివారం ఉంది, ఆదివారం ఉంది. అవి అతను చెప్పడు. మరిచిపోయాడేమో. నేను మరిచిపోలేదు.

అశోక్ నగర్‌లో ఆ ఆడపిల్లల హాస్టల్ మూడంతస్తుల పాత ఇల్లు. ఓనరమ్మ కింద ముందు గదిలో ఉండేది. భర్త పోయాక ఇంటిని హాస్టల్ చేసింది. మాట కరుకు, లెక్క నిక్కచ్చి, పిల్లలకు జ్వరమొస్తే మాత్రం రాత్రంతా కూర్చునే మనిషి. నలభై మంది పిల్లలు. అందరూ ఊళ్లనుంచి వచ్చి నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసేవాళ్లే. నేను ముషీరాబాద్ నుంచి పొద్దున్నే నడిచి వచ్చి పొయ్యి వెలిగించేదాన్ని, రాత్రి గిన్నెలు కడిగించి పోయేదాన్ని. మీలో చాలామంది ఇట్లాంటి మెస్సుల్లో తిన్నవాళ్లే, వంట సంగతి ఎక్కువ చెప్పను. పప్పు నీళ్లగా ఉందని మీరు తిట్టుకున్న మనిషిని నేనే అనుకోండి.

గేటు పక్కన ఓనరమ్మ ఒక కర్రీ పాయింట్ నడిపేది. ఎదురు గల్లీలో మగపిల్లల హాస్టల్ నుంచి ఒకతను రోజూ మధ్యాహ్నం పప్పు కట్టించుకోవడానికి వచ్చేవాడు. మూడుసార్లు గ్రూప్స్ రాశాడు. మూడోసారి పోయాక వారం రోజులు కనిపించలేదు. తరువాత వచ్చి, సినిమా తీస్తున్నానన్నాడు.

"జాబు రానోళ్లంత సినిమాలు తీస్తే, చూసేటోడు ఎవడుంటడయ్యా?" అంది ఓనరమ్మ.

"జాబు వచ్చినోళ్లు చూస్తరు మేడం. ఆదివారం ఖాళీయే కదా."

ఓనరమ్మకు నవ్వు రావడం అరుదు. ఆ రోజు వచ్చింది. అందువల్లనే షూటింగుకు ఇల్లు ఇచ్చిందని నా నమ్మకం. పిల్లలు లైబ్రరీకి, కోచింగుకు పోయాక పది గంటలనుంచి నాలుగు దాకా, పది రోజులు. వంటగదిలోకి రావద్దు, గోడలకు మేకులు ఒకటికి మించి కొట్టొద్దు.

కథ అతను నాకు కూడా చెప్పాడు. ఒక హాస్టల్లో వంటమనిషి చనిపోతుంది. హాల్లో మెట్ల పక్కన ఆమె ఫోటో పెడతారు. ఎవరైనా కంచంలో అన్నం వదిలేస్తే ఆ ఫోటో కాస్త పక్కకు ఒరుగుతుంది, వంటింట్లో గంటె చప్పుడవుతుంది. భయం, నవ్వు రెండూ ఉండాలట. దెయ్యం మాత్రం ఎక్కడా కనిపించదు.

"దెయ్యం లేని దెయ్యం సినిమా ఏంది బిడ్డా?"

"దెయ్యానికి మేకప్ చెయ్యాలంటె పైసలు కావాలె పెద్దమ్మా. ఫోటోకైతె మేకొక్కటి చాలు."

ఆ ఫోటోకోసం నాటకాల్లో వేసే ఒకావిడను మాట్లాడుకున్నారు. సోమవారం ఆవిడ వచ్చింది, దండ చూసింది. ఇంట్లో కూతురి పెళ్లి చూపులున్నాయి, ఈ టైములో నా బొమ్మకు దండ వేయించుకోను అని ఆటో ఎక్కి వెళ్లిపోయింది. ప్రొడక్షన్ మేనేజరు తలపట్టుకున్నాడు. ఆయన చాలా ఏళ్లు సీరియళ్లలో చేసిన మనిషి, ఆ బృందంలో అనుభవం ఉన్నది ఆయనొక్కడికే.

"ఇండస్ట్రీల ఎవ్వరు ఒప్పుకోరు తమ్మీ. సచ్చిపోయే సీను చేస్తరు, శవం లెక్క పండుకుంటరు, ఫోటోకు దండ అంటె మాత్రం లేచి ఉర్కుతరు."

నేను చాయ్ గ్లాసులు తీసుకుపోతున్నాను. డైరెక్టరు నా వైపు చూశాడు.

"పెద్దమ్మా, ఒక ఫోటో కావాలె."

"ఎవలది?"

"నీదే." తలవంచుకుని అన్నాడు, "దండ ఏస్తం."

నిజంగా ఏమీ అనిపించలేదు. "దండ ఏస్తె సచ్చిపోతె, దండ తీస్తె లేస్తరా? ఏసుకో పో" అన్నాను. అతను చెప్పే నవ్వు ఇదే.

సాయంత్రం నారాయణగూడలో స్టూడియోకు తీసుకుపోయారు. ఓనరమ్మ తన పట్టుచీర ఒకటి ఇచ్చింది. రేషన్ కార్డుకు, ఆధార్‌కు తప్ప నేను ఫోటో దిగింది లేదు. ఫోటో తీసేవాడు "నవ్వమ్మా" అంటున్నాడు. ఇతను "వద్దు వద్దు, కోపంగ చూడు పెద్దమ్మా" అంటున్నాడు.

"ఎవల మీద?"

"అన్నం పారేసెటోళ్ల మీద."

ఇక ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక్కసారికే వచ్చింది ఫోటో.

ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. నా ఇష్టంతోనే ఫోటో ఇచ్చానని అందులో ఉందని అతను చదివి చెప్పాడు. దాని నకలు దాచిపెట్టుకున్నాను. చదవడం వచ్చాక మొదట చదివిన కాగితాల్లో అదొకటి. సరిగ్గా అతను చెప్పినట్టే ఉంది, ఒక్క మాట ఎక్కువ తక్కువ లేదు. ఎందుకో కొంచెం నిరాశ కలిగింది.

మంగళవారం ఫోటో గోడకెక్కింది. పెద్ద ఫ్రేము, బంతిపూల దండ, కింద చిన్న దీపం. వెనక సన్న తీగలు కట్టి, మెట్ల మీద ఒక మనిషి కూర్చుని లాగితే ఫోటో ఒరిగేటట్టు చేశారు. ఆ ఏర్పాటుకు ఒక పూట పట్టింది. ఆటో తోలే మా ఆయన రాత్రి నన్ను తీసుకుపోవడానికి వచ్చి, ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"మంచిగున్నవ్. బతికుండంగ ఎప్పుడు గిట్ల లేవు."

తప్పు నేను బుధవారం పొద్దున చేశాను. వంటింట్లో దేవుడి అర ఉండేది. రోజూ దానికి మూరెడు పూలు తెచ్చి, పాత పూలు తీసి కొత్తవి పెట్టి, తరువాత పొయ్యి ముట్టించడం అలవాటు. ఆ రోజు హాల్లోంచి వస్తుంటే మెట్ల పక్కన దండ వాడి వేలాడుతోంది. నేను ఆలోచించి చేసింది కాదు. చేతికున్న అలవాటు. వాడిన దండ తీసేసి, తెచ్చిన చామంతుల్లో సగం గుచ్చి వేశాను. గురువారం కనకాంబరాలు దొరికాయి, అవి వేశాను. శుక్రవారం మల్లెలు. అగరుబత్తి కూడా వెలిగించాను. అది నా ఫోటో అన్న సంగతి ఆ చేతికి తెలియదు.

సినిమా ముక్కలుగా తీస్తారని మీకు తెలుసు, అప్పుడు నాకు తెలియదు. ఒక అమ్మాయి మెట్లెక్కేది మంగళవారం తీస్తే, అదే అమ్మాయి పై మెట్టు మీద వెనక్కి తిరిగి చూసేది గురువారం తీశారు. నటుల బట్టలు, బొట్లు, గాజులు చూసి రాసుకోవడానికి ఒక మనిషి ఉంది. గోడమీది దండను చూసే మనిషి లేదు. శుక్రవారం మధ్యాహ్నం కెమెరా అతను లాప్‌టాప్‌లో రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసి, "అన్నా, జర ఇటు రా" అన్నాడు. ఆ అమ్మాయి కింది మెట్టు మీద ఉండగా ఫోటోకు బంతిపూలు. పై మెట్టుకు చేరేసరికి కనకాంబరాలు.

మేనేజరు గొంతు వీధిలోకి వినిపించింది. "ఎవరమ్మా ఆ దండ ముట్టింది? నాలుగు రోజుల పని బూడిదల పోసిండ్రు!"

"నేనే సార్" అన్నాను, చేతిలో గంటెతో.

"నీ ఫోటోకు నువ్వే దండలు మారుస్తున్నవా? ఏందమ్మా ఇది, ఎక్కడన్న ఉన్నదా?"

"వాడిపోయినయి సార్. వాడిన పూలు ఎవలకన్న పెడ్తరా?"

డైరెక్టరు మెట్ల మీద కూర్చున్నాడు. తిరిగి తీయడానికి రోజులు లేవని అందరికీ తెలుసు. ఉద్యోగం పోతే పోయింది, పరాయివాడి సినిమా పోగొట్టానే అని నేను వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. పప్పు అడుగంటింది. కాసేపటికి అతనే గుమ్మం దగ్గరికి వచ్చాడు. వంటింట్లోకి రావద్దన్న మాట గుర్తుండి గడప బయటే ఆగాడు.

"పెద్దమ్మా, రేపు ఏం పూలు తెస్తవ్?"

"ఏం దొరికితె అవి."

"తే. రోజు మార్చు. నేనుగూడ ఆపను."

దెయ్యం తన మూడును బట్టి దండ మార్చుకుంటుందని కథలో కలిపాడు. ఎవరైనా శుభ్రంగా తింటే మల్లెలు, అన్నం పారేస్తే వాడిన బంతి. తరువాత క్రాస్ రోడ్స్ థియేటర్లో మా ఆయనతో కూర్చుని చూసినప్పుడు జనం ఎక్కువ నవ్విందీ అరిచిందీ అక్కడే. సినిమా వచ్చిన కొత్తలో చిక్కడపల్లి కూరగాయల దగ్గర ఒకామె నన్ను చూసి వంకాయలు వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. అతను ఇవన్నీ చెబుతాడు. బాగా చెబుతాడు కూడా.

ఇప్పుడు శనివారం.

అతను అడిగాడు కాబట్టి ఆ రోజు దండ మార్చడం నా పని అయిపోయింది. పొద్దున ఐదింటికి హాల్లో లైటు వేయకుండా స్టూలెక్కి గన్నేరు పూల దండ వేస్తున్నాను. సీసాలో నీళ్లు పట్టుకోవడానికి రెండో అంతస్తు నుంచి ఒక అమ్మాయి దిగింది. మెట్ల మలుపులో ఆమెకు కనిపించింది దీపం వెలుగులో నా ఫోటో, దాని పక్కనే అదే ముఖంతో నేను. కేక పెట్టింది. సీసా మెట్లమీద దొర్లుకుంటూ కిందికి వచ్చింది.

నలభై మంది లేచారు. నేను నవ్వాను, కొందరు నవ్వారు. కేక పెట్టిన పిల్ల నవ్వలేదు. గదిలోకి పోయి వాళ్లమ్మకు ఫోన్ చేసింది.

మరునాడు పరీక్ష. ఇక్కడ మా హాస్టల్ పద్ధతి ఒకటి చెప్పాలి. పరీక్షకు పోయే రోజు ప్రతి పిల్లా గడప దాటేముందు అరచేయి చాపుతుంది. నేను ఒక చెంచాడు పెరుగు చక్కెర అందులో వేస్తాను, తిని వెళ్తుంది. వాళ్ల అమ్మలు ఊళ్లో ఉంటారు, ఎవరో ఒకరు పెట్టాలి కదా అని మొదటి ఏడు ఒక పిల్లకు పెట్టాను. అట్లా పద్నాలుగేళ్లయింది. పాసైనవాళ్లు మిఠాయి తెచ్చేవాళ్లు, కానివాళ్లు మళ్లీ అరచేయి చాపేవాళ్లు. పెరుగుకు పరీక్షకు సంబంధం ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. జీతంలో లేని పని అదొక్కటే, దాన్ని నాదనుకునేదాన్ని.

శనివారం మధ్యాహ్నం అన్నం మిగిలింది. టమాట పప్పు చేసిన రోజు మా దగ్గర అన్నం మిగలడం అదే మొదటిసారి. నేనెవరినీ అడగలేదు. రాత్రి వంట అయ్యాక పాలు కాచి తోడు వేసి వస్తుంటే, ఓనరమ్మ హాల్లోకి పిలిచింది. డైరెక్టరు, మేనేజరు, కేక పెట్టిన పిల్ల, ఆమె వెనక ఇంకో పదిమంది.

ఆ పిల్ల నా ముఖం చూడకుండా మాట్లాడింది. "అక్కా, నీ మీద నాకేం లేదు. మా అమ్మ ఫోన్ల ఏడుస్తున్నది. దండ పడ్డ మనిషి చేతిల శకునం ఎట్ల తీసుకుంటవే అంటున్నది. నాకిది లాస్ట్ చాన్స్ అక్కా. మళ్ల నోటిఫికేషన్ వచ్చేసరికి ఏజ్ అయిపోతది."

ఓనరమ్మ డైరెక్టరు వైపు తిరిగింది. "ఫోటో తియ్యి."

"మేడం, వెనక తీగలున్నయి. తీస్తె మళ్ల అట్ల కూసోదు. క్లైమాక్స్ సోమవారమే. ఒక్క రోజు మేడం."

"అయితె గుడ్డ కప్పు."

వెనకనుంచి ఇంకో పిల్ల అంది, "గుడ్డ కప్పితె ఇంకా పరేషాన్ మేడం. లోపల ఏం చేస్తున్నదో తెల్వది."

అందరూ నవ్వారు, కేక పెట్టిన పిల్ల కూడా. డైరెక్టరు జేబులోంచి చీటీ తీసి ఆ మాట రాసుకున్నాడు. సినిమాలో ఉంది అది. రాసుకున్నాక చీటీ మడుస్తూ, మెల్లగా, నన్ను చూడకుండా అన్నాడు:

"మేడం, ఫోటో ఒక్కటే ఉంటె అది పోస్టర్ లెక్క. ఫోటో, మనిషి రెండు ఒక్కతాన కనవడ్తెనే కదా భయం. రేపొక్కరోజు పెద్దమ్మను రావద్దనుండ్రి. ఆమెకు జర రెస్ట్ అయితది."

తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. ఓనరమ్మ గోడ వైపు చూసింది, నన్ను చూసింది. పక్క ఇంట్లో ఉండే తన మరదలిని ఉప్మా చేయడానికి పిలుస్తానంది. పెరుగు కూడా ఆమే పెడుతుందంది. "నువ్వు సోమవారం రా. ఏమనుకోకు."

"సరే అమ్మా" అన్నాను.

కోపం వచ్చిందని ఇప్పుడు రాస్తే బాగుంటుంది, కానీ రాలేదు. ఆ ఇంట్లో నాకంటే నా ఫోటోకు పని ఎక్కువైందని మాత్రం అనిపించింది. చీర సర్దుకుని బయటికి వచ్చాను. డైరెక్టరు గేటు దాకా వెంట వచ్చాడు.

"పెద్దమ్మా, కోపమొచ్చిందా?"

"నీ సినిమా నీకు ముఖ్యం బిడ్డా."

"నా తాన ఇదొక్కటే ఉన్నది పెద్దమ్మా. ఇది పోతె నేను ఊరికి పోవాలె."

"ఎరుకే" అన్నాను. నిజంగానే ఎరుకే. ఆ పిల్లకు పరీక్ష ఒక్కటే ఉంది, అతనికి సినిమా ఒక్కటే ఉంది. నాకేముందని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. నాకే సరిగ్గా తెలియదు. ఇంటికి నడుస్తుంటే తెలిసింది. ఒకసారి వేరే చేత్తో తింటే, వచ్చే పరీక్షకు ఆ చేతినే వెతుక్కుంటారు. ఎవరికీ నా మీద ఏమీ ఉండదు. అట్లాగే అయిపోతుంది.

మా ఆయనకు చెప్పాను. "మంచిదే, పండుకో" అన్నాడు. కాసేపాగి, "ఇంట్ల పాలు ఉన్నయా?" అన్నాడు. ఉన్నాయి. తోడు వేశాను.

ఆదివారం పొద్దున మామూలు టైముకే లేచాను. పెరుగు గడ్డగా తోడుకుంది. ఇంట్లో ఉన్న చక్కెర కలిపి, స్టీలు డబ్బాలో పోసుకుని, చిక్కడపల్లి మీదుగా నడిచి ఆరింటికి హాస్టల్ దగ్గరికి చేరాను. రావద్దన్నారు కాబట్టి లోపలికి పోలేదు. గేటు బయట, మూసి ఉన్న కర్రీ పాయింట్ పక్కన, రోడ్డు మీద నిలబడ్డాను. రోడ్డు ఓనరమ్మది కాదు.

పిల్లలు ఒకరొకరే బయటికి రావడం మొదలైంది. మొదటి ఇద్దరు నన్ను చూసి "అయ్యింది అక్కా" అని, తప్పు చేసినట్టు తల వంచుకుని ఆటో ఎక్కారు. మూడో అమ్మాయి చూడనట్టు పోయింది. నేను డబ్బా మూత తీసి పట్టుకుని ఉన్నాను. పిలవలేదు. పిలిచి పెట్టేది కాదది.

ఆ తరువాత కేక పెట్టిన పిల్ల వచ్చింది. హాల్ టికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి గుండెకు ఆనించి పట్టుకుంది. నన్ను చూసి ఆగింది.

"లోపల తిన్నవా?" అన్నాను.

"తినలె."

"ఏమాయె?"

"గామె చెంచ చేతికిచ్చి, తీసుకొని తిను అన్నది." కవరును ఇంకా గట్టిగా అదుముకుంది. "గట్ల ఎట్ల తింటరక్కా?"

ఆమె రోడ్డు చివరిదాకా చూసింది, వెనక్కి తిరిగి గేటు వైపు చూసింది. కవరు చంకలో పెట్టుకుని అరచేయి చాపింది.

"మీ అమ్మ?" అన్నాను.

"అమ్మకు చెప్ప."

ఒక చెంచాడు వేశాను. తినింది. నాలుక పెదవులమీద తిప్పి, ముఖం కొంచెం చిట్లించింది.

"చక్కెర తక్కువైంది అక్కా."

నిజమే. మా ఇంట్లో చక్కెర తక్కువ తింటాం. ఈలోగా ఆమె వెనక ఇంకో నలుగురు వచ్చి నిలబడ్డారు, అరచేతులు చాపి. వాళ్లను ఉండమని చెప్పి గేటు తీసుకుని లోపలికి పోయాను. ఓనరమ్మ తన గది గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూసింది, పక్కకు జరిగింది. వంటింట్లో ఆమె మరదలు ఉప్మాను మాడ్చే దారిలో ఉంది. ముందు పొయ్యి మంట తగ్గించాను. తరువాత చక్కెర డబ్బా తీసుకుని, పిల్లలకు ఆలస్యమవుతుందని గబగబా రోడ్డు మీదికి వచ్చాను.